గీత ముందా, చుక్క ముందా: అనంతంతో గ్రీకుల పేచీ

అకిలీస్, తాబేలు కథ వినని గణిత విద్యార్థి అరుదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు తత్వవేత్త జీనో వాదన అది: ముందు బయలుదేరిన తాబేలును వీరుడు అకిలీస్ ఎంత వేగంగా పరుగెత్తినా ఎన్నటికీ అందుకోలేడట. గుణశ్రేణి చదువుకున్నవారి ముందు ఆ కథ ఎత్తితే వచ్చే జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: అంతులేనన్ని పదాలున్న శ్రేణికి కూడా పరిమితమైన మొత్తం ఉండవచ్చు, పాపం ఆ సంగతి గ్రీకులకు తెలియదు, మనకు తెలుసు కనుక చిక్కు విడిపోయింది. ఈ జవాబులో లెక్క తప్పేమీ లేదు. గ్రీకులు అడిగిన ప్రశ్న అదేనని అనుకోవడంలోనే తప్పుంది. ఈ తరహా జవాబునే అరిస్టాటిల్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో తన ‘ఫిజిక్స్’ గ్రంథం ఆరవ భాగంలో ఇచ్చాడు. ఎనిమిదవ భాగానికి వచ్చేసరికి, అది ప్రశ్న వేసినవాడికి బదులు చెప్పడానికి సరిపోతుంది గాని అసలు విషయానికి సరిపోదని తానే ఒప్పుకున్నాడు. తన జవాబుతో తానే తృప్తిపడక మళ్లీ మొదటికి వచ్చిన ఆ చోటే, నా దృష్టిలో, ఈ చర్చ మొత్తానికి తాళం చెవి.

ముందు లెక్క చూద్దాం. అకిలీస్ సెకనుకు 10 మీటర్లు పరుగెత్తుతాడనీ, తాబేలు సెకనుకు ఒక మీటరు కదులుతుందనీ (అంత వేగం గల తాబేలు ఉండదు, లెక్క తేలికగా ఉండాలని అనుకుందాం), దానికి 100 మీటర్ల ముందంజ ఇచ్చారనీ అనుకుంటే, అతను ఆ 100 మీటర్లు దాటేందుకు 10 సెకన్లు పడుతుంది, ఈలోగా తాబేలు 10 మీటర్లు జరుగుతుంది. ఆ 10 మీటర్లు అతను ఒక సెకనులో దాటితే అది ఇంకో మీటరు జరుగుతుంది. ఆ మీటరు దాటేలోగా మరో 10 సెంటీమీటర్లు. అతను చేరే ప్రతి చోటూ తాబేలు అప్పటికే వదిలేసిన చోటే. 100, 10, 1, 0.1 అంటూ కూడుకుంటూ పోతే మొత్తం 111 మీటర్లపైన ఒక మీటరులో తొమ్మిదో వంతు వస్తుంది, కాలం చూస్తే 11 సెకన్లపైన ఒక సెకనులో తొమ్మిదో వంతు. సరిగ్గా అక్కడ, అప్పుడు అకిలీస్ తాబేలును అందుకుంటాడు. ఎక్కడ కలుస్తారో లెక్క చెప్పింది. కాని జీనో అడిగింది ఎక్కడ కలుస్తారని కాదు. ఒకదాని తర్వాత ఒకటిగా చేయవలసిన పనుల వరుసకు చివరి పని అంటూ లేనప్పుడు, ఆ వరుస ‘పూర్తయింది’ అనడానికి అర్థమేమిటని అడిగాడు.

జీనో ఊరు ఎలియా, ఇటలీ దక్షిణ తీరాన గ్రీకులు కట్టుకున్న వలస పట్టణం. అతని గురువు పార్మెనిడీస్ ఒక పద్యకావ్యంలో, ఉన్నది ఒక్కటేననీ, అది పుట్టదు, గిట్టదు, కదలదు, విడిపోదనీ చెప్పాడు. లోకులు నవ్వి ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు. ప్లేటో రాసిన ఒక సంభాషణలో, 65 ఏళ్ల పార్మెనిడీస్, 40కి దగ్గరపడిన జీనో ఒక పండుగ సమయంలో ఏథెన్స్‌కు వచ్చినట్టూ, కుర్రవాడైన సోక్రటీస్ వారిని నిలదీసినట్టూ ఉంది. అక్కడ జీనో చేత ప్లేటో పలికించిన మాట ఆసక్తికరమైనది: గురువుగారి మాట నుంచి వింత ఫలితాలు వస్తాయని ఎగతాళి చేసేవారికి, వారి మాట నుంచి ఇంకా వింతవి వస్తాయని చూపడానికే ఆ పుస్తకం రాశాననీ, వయసు వేడిలో రాసిన దానిని బయటపెట్టాలా వద్దా అని తేల్చుకునే లోపే ఎవరో ప్రతి దొంగిలించారనీ అంటాడు. ఆ సమావేశం నిజంగా జరిగిందో, ప్లేటో కల్పనో ఎలా ఉన్నా, జీనో వాదనల స్వభావం మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది. అవి ఎదుటివాడి నమ్మకాన్ని అరువు తీసుకుని, దానితోనే ఎదుటివాడిని ఇరికించే వాదనలు.

ఆ పుస్తకం మనకు దక్కలేదు. చలనం గురించిన నాలుగు వాదనలు అరిస్టాటిల్ ఖండించడానికి క్లుప్తంగా ఎత్తి చూపినందువల్ల మిగిలాయి, ‘అనేకం’ (ఉన్నవి ఒకటి కాదు, ఎన్నో అనే నమ్మకం) గురించినవి కొన్ని వెయ్యేళ్ల తర్వాత, క్రీ.శ. 6వ శతాబ్దంలో, సింప్లీసియస్ అనే వ్యాఖ్యాత ఉటంకించినందువల్ల మిగిలాయి. ఒక వకీలు వాదనను ఎదుటి పక్షం వకీలు రాసుకున్న కాగితాల్లోంచి ఏరుకుని చదవడం వంటిది మన పరిస్థితి. ఆ తాబేలు కూడా అరిస్టాటిల్ పాఠంలో లేదు, ‘అతి నెమ్మదైనది’ అని మాత్రమే ఉంది. తాబేలు వచ్చింది తర్వాతివారి రాతల్లో.

చలన వాదనల్లో మొదటిది తాబేలు కథ కన్నా పొదుపైనది, నా లెక్కలో గట్టిది కూడా. గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలంటే ముందు సగం దూరం నడవాలి, ఆ సగానికి ముందు దానిలో సగం, దానికి ముందు అందులో సగం. ఈ రకంగా చూస్తే నడక పూర్తికాకపోవడం అటుంచి, మొదలుపెట్టడానికి మొదటి అడుగు అంటూ దొరకదు. ఎంత చిన్న అడుగు చూపినా దానిలో సగం దానికన్నా ముందుంటుంది. శ్రేణి మొత్తం తెలిసినంత మాత్రాన ఈ ఇబ్బంది పోదు, ఎందుకంటే ఇక్కడ వరుసను ఏ పదంతో మొదలుపెట్టాలో చెప్పలేము.

దీనికి వేరు మాత్రం చలనంలో లేదు, సింప్లీసియస్ కాపాడిన ఆ ‘అనేకం’ వాదనలో ఉంది. పొడవు గల ఏ వస్తువునైనా విభజించవచ్చు, వచ్చిన ముక్కలను మళ్లీ విభజించవచ్చు, ఇది ఎక్కడా ఆగదు. ఈ విభజనంతా పూర్తయిందనుకుంటే మిగిలే అంతిమ భాగాలకు పొడవు ఉందా, లేదా? లేదంటే, శూన్యాలను ఎన్నింటిని పోగు చేసినా శూన్యమే గనుక వస్తువుకే పొడవు ఉండకూడదు. ఉందంటే, ఎంత చిన్నదైనా సరే కొంత పొడవును అనంతంగా పోగు చేస్తే వస్తువు హద్దులేనంత పెద్దదైపోవాలి. ఒక మూర బట్ట గాని, ఒక బెత్తెడు పుల్ల గాని, ఈ రెండింటిలో ఏదో ఒకటి కావలసిందే అంటాడు జీనో.

ఈ ఉచ్చులోంచి బయటపడడానికి గ్రీకులు వెతికిన దారులు ఒక్కొక్కటీ ఒక్కో దర్శనమైంది. చిన్నదానికి కనిష్ఠం లేదు, ఎప్పుడూ ఇంకా చిన్నది ఉంటుందని అనాక్సగోరస్ నిబ్బరంగా ఒప్పేసుకున్నాడు. లూసిప్పస్, డెమోక్రిటస్ అందుకు పూర్తిగా ఎదురు తిరిగారు: విభజన ఎక్కడో ఆగి తీరాలి, ఆగిన చోట మిగిలేదే అణువు. ‘అటామస్’ అంటే కోయరానిది. అణువాదం ప్రయోగశాలలోంచి వచ్చిందన్నట్టు మనం మాట్లాడతాం గాని, అది పుట్టింది చాలావరకు ఈ తర్కపు ఇరుకులోంచే. ఆ డెమోక్రిటస్ లేవదీసిన ప్రశ్న ఒకటి ప్లూటార్క్ అనే తర్వాతి కాలపు గ్రీకు రచయిత రాతల్లో ఉంది. శంకువును అడుగుకు సమాంతరంగా కత్తితో కోస్తే కోసిన చోట రెండు ముఖాలు వస్తాయి, కింది ముక్క పైముఖం ఒకటి, పైముక్క అడుగుముఖం మరొకటి. ఆ రెండూ సమానమా, కాదా? సమానం కాదంటే శంకువు పక్కలు నున్నగా ఉండవు, మెట్లు మెట్లుగా ఉంటాయి. సమానమే అంటే, ఎక్కడ కోసినా సమానమే గనుక, కింది నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉండాలి, అప్పుడు అది శంకువు కాదు, స్తంభం. ఈ ప్రశ్నతో మళ్లీ పని పడుతుంది.

అరిస్టాటిల్ దగ్గరికి వచ్చే ముందు మాట గురించి ఒక మాట. ‘అనంతం’ అనగానే మన చెవికి దైవత్వం, పూర్ణత్వం స్ఫురిస్తాయి. అనంతుడు, అనంతపద్మనాభుడు మనకు పేర్లే. గ్రీకు మాట ‘అపైరాన్’కు అర్థం హద్దు లేనిది అని. క్రీ.పూ. 6వ శతాబ్దపు తత్వవేత్త అనాక్సిమాండర్ సమస్తానికీ మూలం అదేనని గౌరవించినా, పైథాగరస్ అనుయాయుల జంటల పట్టికలో హద్దు మంచి పక్షానా, హద్దులేమి చెడు పక్షానా ఉన్నాయి. అంతూ పొంతూ లేనిది, ఇంకా తీరూ తెన్నూ ఏర్పడనిది అనే ఛాయ ఆ మాటకు అంటుకుని ఉంది. ఈ తేడా మనసులో పెట్టుకోకపోతే అరిస్టాటిల్ ఇచ్చిన నిర్వచనం తలకిందులుగా కనిపిస్తుంది. తన బయట ఏమీ మిగలనిది అనంతమని లోకం అనుకుంటుంది, అది తప్పు, ఎప్పుడూ తన బయట ఇంకొంత మిగిలేదే అనంతం అంటాడు అతను. బయట ఏమీ మిగలనిదాన్ని పూర్ణం అనాలి. అంటే అతని దృష్టిలో అనంతం పూర్ణానికి మారుపేరు కాదు, సరిగ్గా దానికి వ్యతిరేకం.

అటువంటప్పుడు అనంతం ఉన్నట్టా, లేనట్టా? ఉంది, కాని కుర్చీ ఉన్నట్టు కాదు, రోజు ఉన్నట్టు, ఒలింపిక్ క్రీడలు ఉన్నట్టు అంటాడు. రోజులో ఒక ఘడియ గడిస్తే ఇంకొక ఘడియ వస్తుంది, అన్ని ఘడియలూ ఒకేసారి ఎదుట నిలవవు. గీతను సగానికి, ఆ సగాన్ని సగానికి విభజిస్తూ పోవచ్చు, ఏ దశలోనూ ‘ఇక కుదరదు’ అనే అడ్డు రాదు. అంతమాత్రాన విభజనలన్నీ అప్పటికే జరిగిపోయి గీత లోపల పేర్చి ఉన్నాయని అర్థం కాదు. మొదటిది వీలుగా మాత్రమే ఉండే అనంతం, రెండోది పూర్తయిపోయిన అనంతం. మొదటిదాన్ని అతను ఒప్పుకున్నాడు, రెండోదాన్ని ససేమిరా అన్నాడు. గణితజ్ఞులకు కూడా దీనివల్ల నష్టమేమీ లేదనీ, వారికి కావలసింది గీతను కోరినంత పొడిగించుకునే వీలే గాని అంతులేని గీత కాదనీ భరోసా ఇచ్చాడు. తర్వాతి తరంవాడైన గణితజ్ఞుడు యూక్లిడ్ ప్రధాన సంఖ్యలు అనంతమని ఎక్కడా రాయలేదు, మీరు ఎన్ని ప్రధాన సంఖ్యలు చూపినా వాటికి మించి ఉన్నాయని రాశాడు. ఆ వాక్యంలో అరిస్టాటిల్ గీసిన గిరి అలాగే ఉంది.

అవిచ్ఛిన్నత గురించి అతను చెప్పింది ఇంకా సూక్ష్మమైనది. గోడలో పక్కపక్కన ఉన్న రెండు ఇటుకలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, కాని దీని అంచు దీనిదే, దాని అంచు దానిదే. రెండు చెంబుల నీళ్లు ఒక గంగాళంలో పోస్తే ఆ రెండు అంచులూ ఒకటైపోతాయి, ఎక్కడ ఇది ముగిసి అది మొదలైందో చెప్పలేము. తాకడం మొదటిది, అవిచ్ఛిన్నం రెండోది. (ఇటుకలు, నీళ్లు నేను తెచ్చిన ఉదాహరణలే, అంచులు ఒకటి కావడమనే కొలత అతనిది.) ఇప్పుడు బిందువుల సంగతి చూడండి. బిందువుకు భాగాలు లేవు కనుక దానికి అంచు వేరు, తాను వేరు అని ఉండదు. రెండు బిందువులు తాకాలంటే మొత్తానికి మొత్తం తాకాలి, అప్పుడు రెండూ ఒకే చోట పడతాయి, పొడవు పుట్టదు. తాకకుండా వరుసగా నిలుస్తాయా అంటే, ఏ రెండు బిందువుల నడుమ చూసినా గీత ఉంటుంది, ఆ గీత మీద ఇంకా బిందువులు గుర్తించవచ్చు, కాబట్టి ‘పక్క బిందువు’ అనేది ఉండదు. అందుచేత గీత బిందువులతో కట్టినది కాదు. ఇటుకలతో గోడ కట్టినట్టు చుక్కలతో గీత కట్టలేము. గీతే ముందు, దాన్ని ఎక్కడ కోస్తే అక్కడ బిందువు ఏర్పడుతుంది. జీనో ఉచ్చులో ‘అంతిమ భాగాలకు పొడవు ఉందా’ అన్న ప్రశ్నకు ఈ వైపు నుంచి జవాబు, అటువంటి అంతిమ భాగాలు ముందే అక్కడ కూర్చుని లేవని.

ఆ రెండు జవాబుల కథ ఇప్పుడు అర్థమవుతుంది. ‘ఫిజిక్స్’ ఆరవ భాగంలో అరిస్టాటిల్ అన్నది ఇది: దూరాన్ని ఎలా అనంతంగా విభజించవచ్చో కాలాన్నీ అలాగే విభజించవచ్చు, కనుక అనంతమైన దూరపు ముక్కలను దాటడానికి అనంతమైన కాలపు ముక్కలు చేతిలో ఉన్నాయి, పరిమిత కాలం చాలదన్న ఆక్షేపణ నిలవదు. మనం పైన వేసిన లెక్క కూడా చెప్పేది ఇంతే. ఎనిమిదవ భాగంలో తనకు తానే అడ్డు తగులుకున్నాడు. దూరం సంగతి వదిలేసి నేరుగా కాలం గురించే అడిగితే? ఒక గంట గడవాలంటే అరగంట, తర్వాత పావుగంట, తర్వాత అందులో సగం. ఈ అంతులేని వరుస ఎలా గడుస్తుంది? ఇక్కడ సాయానికి తెచ్చుకోవడానికి రెండో కొలత లేదు. అందుకే కొత్త జవాబు కావలసివచ్చింది. నడిచేవాడు ప్రతి సగం దగ్గరా ‘ఒకటి’, ‘రెండు’, ‘మూడు’ అని లెక్కపెడుతూ పోతున్నాడని ఊహించండి. సగం బిందువును లెక్కపెట్టడమంటే ఒకే బిందువును రెండుగా వాడడం, ముందు సగానికి ముగింపుగా ఒకసారి, వెనుక సగానికి మొదలుగా ఒకసారి. వచ్చి చేరడం ఒకటి, అక్కడి నుంచి బయలుదేరడం ఒకటి, ఈ రెంటి నడుమ ఎంతో కొంత ఆగడం. ఇలా నడిచేవాడి నడక ఒక్క నడక కాదు, తెగిన నడకల దండ. అటువంటివి అనంతంగా చేసి గమ్యం చేరడం అసాధ్యమే, అందులో జీనో మాట నిజం. కాని మామూలుగా నడిచేవాడు ఏ సగం దగ్గరా ఆగడు, ఏ బిందువునూ రెండు చేయడు. అతని నడకలో సగాలు వీలుగా ఉన్నాయే గాని జరిగిన పనులుగా లేవు. అనంతమైన పనులు పూర్తి చేశాడా అంటే, చేసింది ఒకే ఒక్క పని.

ఈ జవాబు అందరికీ నచ్చాలని లేదు. మనం కోయకముందు గీత మీద సగం బిందువు ‘నిజంగా’ లేదా అని అడగాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కాని గుణశ్రేణి జవాబుకన్నా ఇది లోతైన చోట చేయి పెట్టిందని ఒప్పుకోక తప్పదు.

మూడో వాదన, బాణం, కూడా ఈ దారిలోనే లొంగుతుంది. ఎగిరే బాణం ప్రతి ‘ఇప్పుడు’లోనూ సరిగ్గా తనంత చోటునే ఆక్రమిస్తుంది, తనంత చోటులోనే ఉన్నది నిశ్చలంగా ఉన్నట్టు, కనుక అది ఏ ఇప్పుడులోనూ కదలడం లేదు, అంటే ఎన్నడూ కదలలేదు. గీత బిందువులతో కట్టినది కానట్టే కాలం కూడా ‘ఇప్పుడు’లతో కట్టినది కాదని అరిస్టాటిల్ బదులిచ్చాడు. ఇంకో అడుగు ముందుకు వేసి, ఇప్పుడులో కదలిక లేదన్నది నిజమే, కాని నిశ్చలత కూడా లేదు, ఎందుకంటే నిలిచి ఉండడమంటే ముందూ వెనుకా ఒకే చోట ఉండడం, దానికి కూడా కాలపు నిడివి కావాలి అన్నాడు. ఒక్క ఫొటో చూసి కారు ఆగి ఉందో, పోతోందో చెప్పలేము కదా. నాలుగో వాదన, ఎదురెదురుగా సాగే వరుసలది, పాఠమే సందిగ్ధంగా ఉండడంతో వ్యాఖ్యాతలు ఈనాటికీ దాని తాత్పర్యం మీద తగువులాడుతున్నారు.

అరిస్టాటిల్ తర్వాత కూడా పేచీ ఆగలేదు. డయోడోరస్ క్రోనస్ అనే తార్కికుడు, వస్తువు ఉన్న చోట కదలదు, లేని చోట అసలే కదలదు, కనుక ‘కదిలింది’ అనవచ్చు గాని ‘కదులుతోంది’ అనకూడదని వాదించాడు. ఆయన భుజం ఒకసారి తప్పితే హీరోఫిలస్ అనే వైద్యుడి దగ్గరికి వెళ్లాడట. భుజం ఉన్న చోట తప్పిందా, లేని చోట తప్పిందా, రెండూ కుదరవు కనుక అసలు తప్పనే లేదని వైద్యుడు అప్పజెప్పేసరికి, ఆ వాదనలు పక్కనపెట్టి వైద్యం చేయమని బతిమాలుకున్నాడని సెక్స్టస్ ఎంపిరికస్ అనే తర్వాతి కాలపు తత్వవేత్త చెప్పాడు. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి ‘మూలమధ్యమకకారిక’ రెండో ప్రకరణం తెలిసినవారికి ఇది విన్న స్వరంలా తోస్తుంది: నడిచేసిన దారిలో నడక లేదు, ఇంకా నడవని దారిలో నడక లేదు, ఈ రెండూ కాని దారి వేరే లేదు. పోలిక పోలికే, డయోడోరస్ తర్కపు ఆటగా వాడినదాన్ని నాగార్జునుడు శూన్యతకు, అంటే దేనికీ తనదైన స్వతంత్ర స్వభావం లేదన్న మాటకు, మెట్టుగా వాడుకున్నాడు.

19వ శతాబ్దంలో జార్జ్ కాంటర్ అనే గణితజ్ఞుడు ఈ తక్కెడను అవతలి వైపుకు ఒరిగించాడు. పూర్తయిన అనంతాన్ని సమితిగా అంగీకరించి, గీతను బిందువుల సమితిగానే చూసి, అందులోని బిందువులు 1, 2, 3 అని లెక్కించగల అనంతాన్ని మించినవని రుజువు చేశాడు. పొడవు లేని బిందువుల నుంచి పొడవు ఎలా వచ్చిందన్న జీనో ప్రశ్నకు నేటి గణితం చెప్పేది, లెక్కించలేనన్ని శూన్యాలను ‘కూడడం’ అనే పని అసలు నిర్వచించలేదని. ఇది జీనోకు జవాబే, కాని చుక్కే ముందు అన్న పక్షం ఎంచుకుని చెప్పిన జవాబు.

గ్రీకు గణితజ్ఞులు మాత్రం ఆ పక్షం బయటికి ఎంచుకోలేదు. చతురస్రం భుజంతో దాని కర్ణాన్ని ఏ పూర్ణసంఖ్యల నిష్పత్తితోనూ చెప్పలేమని తేలిపోయాక, యుడాక్సస్ క్రీ.పూ. 4వ శతాబ్దంలో నిష్పత్తికి కొత్త నిర్వచనం ఇచ్చి, వక్రాకారాల వైశాల్యం కొలవడానికి అనంతం పేరెత్తని పద్ధతి ఒకటి కట్టాడు. ఆర్కిమెడీస్ పరావలయ ఖండం (విసిరిన రాయి దారిలా వంగే గీతను ఒక తిన్నని గీత కోసిన ముక్క) వైశాల్యం, దానిలో ఇమిడే త్రిభుజానికి మూడింట నాలుగు వంతులని ఆ పద్ధతిలోనే నిరూపించాడు. అక్కడ 1, 1/4, 1/16 అంటూ పోయే శ్రేణి ఉంది, కాని అతను దాన్ని చివరిదాకా కూడలేదు. ఏ పదం దగ్గర ఆగినా, ఆ చివరి పదంలో మూడో వంతు కలిపితే మొత్తం కచ్చితంగా 4/3 అవుతుందని చూపి, వైశాల్యం అంతకన్నా ఎక్కువన్నా తక్కువన్నా వైరుధ్యం వస్తుందని తేల్చాడు.

అయితే ఆ ఫలితం మొదట తట్టింది ఎలా? దీనికి జవాబు 1906లో దొరికింది. హైబెర్గ్ అనే డేనిష్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక ప్రార్థన పుస్తకాన్ని పరిశీలిస్తే, గీకేసిన పాత అక్షరాల అడుగున, ఎరటోస్తనీస్ అనే సాటి పండితుడికి ఆర్కిమెడీస్ రాసిన లేఖ బయటపడింది. అందులో అతను ఆకారాలను గీతలుగా, ఘనాలను పలుచని తలాలుగా కోసి, ఊహలో త్రాసుకు తగిలించి తూచాడు, అంటే ఆకారం ఆ ముక్కలతోనే నిండి ఉందన్నట్టు ప్రవర్తించాడు. వెంటనే, ఇది రుజువు కాదు, ఫలితాన్ని ముందుగా పసిగట్టే మార్గం మాత్రమేనని హెచ్చరిక కూడా రాశాడు. ఆ లేఖ మొదట్లోనే, శంకువు ఘనపరిమాణం దాన్ని చుట్టిన స్తంభంలో మూడో వంతని మొదట నిరూపించినవాడు యుడాక్సస్ అయినా, రుజువు లేకుండానే ఆ మాట ముందుగా అన్న మరొకరికి ఘనతలో తక్కువ కాని వాటా ఇవ్వాలని రాశాడు. ఆ మరొకరు డెమోక్రిటస్, శంకువును కోసి ఆ రెండు ముఖాలూ సమానమా కాదా అని అడిగినవాడు.